స్వర్ణ కట్టిన పన్నెండు మొక్కలు

బెంగళూరు,
2 మార్చి 1998

అన్నా,

రెండు పగళ్ళు రైళ్ళలో కూర్చుని నడుము పట్టేసింది. నువ్వు గోనెలో కట్టిచ్చిన కాఫీ కాండం ముక్కలు బాగానే చేరాయి. ఒక పురుగు నెల ముందే లేచి, ఎదురు సీట్లో ఉన్న ముసలాయన చొక్కా మీద పాకింది. ఆయన దులిపేసి “ఎక్కడిదమ్మా ఇది?” అన్నాడు. మా ఊరిదే అన్నాను.

నేను చేసే పనేమిటో వదిన అడిగింది, ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను. ఆమెకి ఇలా చెప్పు. కాఫీ కాండం తొలిచే పురుగుకి రెండు మీసాలుంటాయి. అది వాసన పట్టేది వాటితోనే. మగ పురుగు ఒక వాసన వదిలితే ఆడది వెతుక్కుంటూ వస్తుంది. నేను ఆ మీసానికి వెంట్రుక కంటే సన్నని తీగ తగిలించి, వాసన ఊదుతాను. మీసంలోని నరం పలికితే తెర మీద గీత లేస్తుంది. ఏ వాసనకి గీత బాగా లేస్తుందో తెలిస్తే, ఆ వాసన పెట్టి పురుగుని డబ్బాలోకి రప్పించవచ్చు. అప్పుడు మొక్కలు పీకే పని ఉండదు.

తోట కింది వరసలో నేను నార కట్టిన పన్నెండు మొక్కలకీ పురుగు ఉంది. నా రంగు రిబ్బను అయిపోతే వదిన అడ్డతీగ నార ఇచ్చింది, దానితోనే కట్టాను. మామూలుగా అయితే పురుగు ఎగరకముందే పీకి కాల్చెయ్యాలి. వీటిని మాత్రం నేను సెప్టెంబరులో వచ్చేదాకా ఉంచు. ప్రతి శుక్రవారం సంతకి పోయే ముందు వాటి మీద కొత్త కన్నాలు ఎన్ని పడ్డాయో లెక్కపెట్టు. అగ్గిపుల్ల పట్టేంత ఉంటాయి. లెక్కపెట్టినదాని పక్కన సున్నం బొట్టు పెట్టు, మళ్ళీ లెక్కలోకి రాకుండా.

అమ్మకి చుట్టలు తగ్గించమని చెప్పు.

స్వర్ణ


జాకరగుడ,
24 మే 1998

స్వర్ణా,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. ఇటుకల పండగ వచ్చింది, ఊరంతా వేటలు, విందులు, తర్వాత దుక్కులు. ఎర్రెద్దు కాలు బెణికింది. మంగ్లు మావ తన ఎద్దుని ఇచ్చాడు, లేకపోతే ఈ ఏడు సామ విత్తనం పడేది కాదు.

పన్నెండు మొక్కల మీద ఇప్పటికి పదిహేడు కన్నాలు. తారీకులు వెనక రాశాను. ఒకటి గమనించాను. పురుగులు మిట్ట మధ్యాహ్నం ఎండలో కాండం మీద పరుగులు పెడతాయి. నీడ పడ్డ పక్కకి ఆడది పోదు. ఇది పనికొస్తుందో లేదో నీకు తెలియాలి.

నీకు పంపే కాండం ముక్కల పార్శిలు పట్టుకెళ్తే పోస్టుమాస్టరు భాస్కర్ గారు చెవి దగ్గర పెట్టుకున్నారు. “ఓరి గాసీ, లోన ఏటో గీకుతంది. ఏటిరా ఇది?” అన్నారు. పురుగులండీ, మా చెల్లి చదువుకి అన్నాను. “పురుగులు కూడా సదువుకెల్తన్నాయి. మా గుంటడు పది తప్పి ఇంట్లో పడుకున్నాడు” అని ముద్ర కొట్టారు.

కాఫీ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. ఈ పన్నెండూ పీకమన్నాడు. మా ఆచారంలో నార కట్టిన చెట్టుని కట్టినవాళ్ళే విప్పాలి, ఇంకో చెయ్యి పడకూడదు, ఇది మా చెల్లి కట్టు అని చెప్పాను. ఆయన మైదానం మనిషి. మంగ్లు మావ వైపు చూశాడు. మావ కూడా అంతేనన్నాడు. ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు.

అమ్మ చుట్టలు తగ్గించలేదు.

గాసి


బెంగళూరు,
20 జూన్ 1998

అన్నా,

నీ లెక్కల కాగితం మా సార్‌కి చూపించాను. “ఎవరమ్మా ఇంత శుభ్రంగా రాసింది?” అన్నారు. మా అన్న, ఏడో తరగతి అన్నాను. ఇక్కడ ఎమ్మెస్సీ వాళ్ళు కూడా ఇలా రాయడం లేదన్నారు.

నార సంగతి చెప్పి ఆఫీసు ఆయన్ని పంపేశావని చదివి చాలాసేపు నవ్వుకున్నాను. మంచి ఉపాయం.

ఎండ గురించి నువ్వు చెప్పింది చాలా ముఖ్యం. దాన్ని రుజువు చెయ్యాలి. పన్నెండింటిలో ఆరింటి మీద సిల్వర్ ఓకు కొమ్మలు కొట్టెయ్యి, ఎండ బాగా పడాలి. మిగతా ఆరూ నీడలోనే ఉండనీ. రెండింటికీ వేరువేరుగా లెక్క రాయి.

సెప్టెంబరులో రావడం కుదరదు. మీసం నరం చదివే యంత్రంలో ఒక భాగం పాడయింది, పై దేశం నుంచి రావాలట. అది వచ్చాక నేను దాని దగ్గరే ఉండాలి. వేసవికి వస్తాను. అంతదాకా మొక్కలు జాగ్రత్త.

వానలో బస్సుల ఘోష విని విని, మన రేకు మీద పడే చప్పుడే మరిచిపోయాను.

స్వర్ణ


జాకరగుడ,
29 నవంబరు 1998

స్వర్ణా,

నువ్వు చెప్పినట్టు కొమ్మలు కొట్టాను. ఎండ మొక్కల మీద ముప్పై మూడు, నీడ మొక్కల మీద ఎనిమిది. మొత్తం నలభై ఒకటి.

కట్టు లేని మొక్కలు కూడా ఆరు పసుపెక్కాయి. కాండం మీద చెయ్యి వేస్తే చుట్టూ ఉబ్బిన గీతలు తగులుతున్నాయి. అవి మన మొక్కలే. గట్టు అవతల మంగ్లు మావ తోటలో మూడు. మావ వచ్చి చూసి “ఇవి మీ కాడినుంచి వచ్చినయ్యేనా? మీ సెల్లి ఏటంటంది?” అని అడిగాడు. అది ఈ పురుగు మీదే చదువుతోంది, దానికి తెలియకుండా ఏమీ లేదు అన్నాను. సరేలే అని వెళ్ళాడు.

ఇది రాయాలా వద్దా అని రెండు శుక్రవారాలు ఆగాను. గుంట పరీక్షల్లో ఉంది, బెంగ పెట్టకు అని అమ్మ అంది. నేను బెంగతో రాయడం లేదు. లెక్కలో ఉండాలని రాస్తున్నాను.

కాఫీ పళ్ళు కోతకి వచ్చాయి. కిందటేడు కంటే తక్కువ. ఎర్రెద్దు కోలుకుంది.

గాసి


బెంగళూరు,
3 జనవరి 1999

అన్నా,

ఎండలో ముప్పై మూడు, నీడలో ఎనిమిది! ఈ తేడా చూసి సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఎక్కడెక్కడో పెద్ద ఎస్టేట్లలో చేసిన వాళ్ళకి కూడా ఇంత తేటగా రాలేదు.

చుట్టుపక్కల మొక్కలకి వెళ్ళిన సంగతి ఇంకా విలువైనది. మొదలు ఎక్కడో కచ్చితంగా తెలిసిన తోట మరొకటి దొరకదు. నువ్వు ఒక పటం గియ్యి. మన తోట, మావ తోట, వరస వరసా. పురుగు పట్టిన ప్రతి మొక్కకీ చుక్క పెట్టి, ఏ నెలలో కనిపించిందో రాయి. పన్నెండు మొక్కల నుంచి ఎన్ని అడుగులో తాడుతో కొలువు. పటం పూర్తయ్యేదాకా ఏదీ కదపకు.

యంత్రం వచ్చింది. కానీ మీసం కోసిన గంటకే నరం చచ్చిపోతోంది. రోజుకి నాలుగు పురుగులు చేస్తే ఒకటి పలుకుతోంది. తీగ తగిలించి, ఊపిరి బిగబట్టి కూర్చుంటాను. గీత లేవదు. అలాంటి రోజు నీ కాగితాలు తీసి చూసుకుంటాను.

వదినకి ఫోటో పంపుతున్నాను. తెల్ల కోటులో ఉన్నది నేనే.

స్వర్ణ


జాకరగుడ,
13 జూన్ 1999

స్వర్ణా,

పటం ఇందులో పెట్టాను. మన తోటలో అరవై నాలుగు చుక్కలు. మావ తోటలో ముప్పై ఎనిమిది. దాని పైన సుక్రు తోటలో ఏడు. చాలా దూరంగా ఉన్నది రెండు వందల పది అడుగులు.

వేసవికి వస్తానన్నావు. రాలేదు. పనుండి ఉంటుంది.

నిన్న జరిగింది రాస్తాను. మంగ్లు మావ గొడ్డలి పట్టుకుని కింది వరసకి వచ్చాడు. “ఏటిరా గాసీ, పురుగుని మేపుతన్నావా? కొమ్మలు కొట్టి ఎండెట్టి మరీ పెంచుతన్నావు” అన్నాడు.

చెల్లి ఉత్తరం వచ్చేదాకా ఆగు మావా అన్నాను.

“మీ సెల్లి బెంగులూరులో ఉంది. పురుగు నా తోటలో ఉంది. దానికేటి, అది కాయితం మీద సూసుకుంటాది.”

అమ్మ ఎక్కడినుంచి వచ్చిందో, మొక్కలకి అడ్డంగా నిలబడింది. “ఓరే మంగ్లూ, నా గుంట బతికుందిరా. బతికున్న మనిసి కట్టు మీద కత్తెడతావా? సచ్చిపోయినోళ్ళ కట్టు తెంపుతారు. అదేటో నన్ను నరికీసి, తరవాత దాన్ని తెంపు” అంది.

“అప్పా, నువ్వు తప్పుకో.”

“తప్పుకోను. నువ్వు దానికి మేనమామవి. నీ సేత్తో దాన్ని సంపీసుకో.”

మావ గొడ్డలి కింద పడేశాడు. పోతూ పోతూ “దాన్నొచ్చి ఇప్పుకోమను. బేగి రమ్మను” అన్నాడు.

అమ్మ అన్నది నిజమే కదా. మనిషి పోయాక పెద్దకర్మ నాడే కదా వాళ్ళ కట్టులన్నీ తెంచేది. అందుకని నేనూ ముట్టుకోలేను. నువ్వు రా.

గాసి


బెంగళూరు,
1 జూలై 1999

అన్నా,

ఉత్తరం చదవగానే రాస్తున్నాను. వెంటనే అన్నీ పీకించు. నూట తొమ్మిదీ, ఆ పన్నెండూ. కాండాలు ఊళ్ళోకి తేవద్దు, కట్టెలకి వాడొద్దు, తోటలోనే కాల్చు. సెప్టెంబరులో మళ్ళీ ఎగురుతాయి. ఆలోపల అయిపోవాలి.

అయినా ఇంత దూరం ఎందుకు రానిచ్చావు? నేను పన్నెండే ఉంచమన్నాను. మిగతావి పీకవద్దని నేను చెప్పానా? కాఫీ ఆఫీసు వాళ్ళు చెప్తున్నారు కదా, నీకు తెలియదా?

కట్టు గురించి నువ్వు రాసింది నాకు నిజంగా తెలియదు. ఆఫీసు ఆయన్ని పంపడానికి అల్లిన మాట అనుకున్నాను. నన్ను మూడో తరగతిలో ఆశ్రమ స్కూల్లో వేశారు. ఎవరి కట్టు ఎవరు విప్పాలో నాకు ఎవరు చెప్పారు? రిబ్బను ఉంటే రిబ్బనే కట్టేదాన్ని. అది గుర్తు కోసం కట్టింది, అంతే. అమ్మకి చదివి వినిపించు: నేను, స్వర్ణని, తెంపమని చెప్తున్నాను.

స్వర్ణ


జాకరగుడ,
8 ఆగస్టు 1999

స్వర్ణా,

ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. “కాయితానికి సెయ్యుందేటి?” అంది. ఊళ్ళో పెద్దలు కూర్చున్నారు. వాళ్ళూ అదే మాట అన్నారు. కట్టింది చేత్తో, విప్పేది చేత్తోనే.

మిగతా మొక్కలు పీకేశాం. నూట తొమ్మిది అన్నావు, పీకేనాటికి నూట నలభై అయ్యాయి. ఆరు రోజులు పట్టింది. మన తోటలోనే కాల్చాం. పన్నెండు మాత్రం ఉన్నాయి. అందులో నాలుగు ఎండిపోయాయి. ఎనిమిదింటిలో పురుగు ఉంది. కాండానికి చెవి పెడితే కొరికే చప్పుడు వినిపిస్తుంది.

ఎందుకు రానిచ్చావని అడిగావు. పటం పూర్తయ్యేదాకా ఏదీ కదపకు అని జనవరి ఉత్తరంలో రాశావు. ఆ కాగితం నా దగ్గర ఉంది. తప్పు పట్టడానికి రాయడం లేదు. లెక్కలు పెరిగిన ప్రతిసారీ నువ్వు బాగుందని రాశావు. నీకు తెలిసే బాగుందన్నావని అనుకున్నాను.

రెండు రోజులకి వచ్చి వెళ్ళు. సెప్టెంబరు లోపల.

గాసి


బెంగళూరు,
30 ఆగస్టు 1999

అన్నా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించేశాను.

నేను ఇప్పుడు రాలేను. వేసవిలో లేచేవి అయిపోయాయి, ఇక సెప్టెంబరు నుంచి నవంబరు దాకానే పురుగు లేస్తుంది. బతికిన మీసాలు చాలినన్ని దొరికేది ఆ నెలల్లోనే. రేపటి నుంచి రోజూ చెయ్యాలి. నా ఫెలోషిప్‌కి ఇది ఆఖరి ఏడాది. ఈసారి పోతే మళ్ళీ లేదు. వెళ్ళాలంటే వెళ్ళు, తిరిగి రావక్కర్లేదు అన్నారు సార్.

జనవరిలో తప్పకుండా వస్తాను. అంతదాకా ఆ ఎనిమిది కాండాలకీ గోనె సంచులు గట్టిగా చుట్టి, కింద మట్టి కప్పు. లేచిన పురుగు లోపలే చస్తుంది. సంచుల మీద అమ్మకి అభ్యంతరం ఉండదనుకుంటాను.

జనవరి ఉత్తరంలో ఏం రాశానో నాకు గుర్తు ఉంది.

స్వర్ణ


జాకరగుడ,
19 మార్చి 2000

స్వర్ణా,

నువ్వు జనవరిలో వచ్చి విప్పి వెళ్ళాక రెండు నెలల్లో జరిగింది రాస్తున్నాను.

గోనెలు చుట్టాననే చెప్పాను కదా. అక్టోబరు వానకి అవి కుళ్ళాయని అప్పుడు చెప్పలేదు. కన్నాలు పడ్డ గోనెలు నువ్వే చూశావు, పురుగు బయటికి పోయిందని ఇద్దరికీ తెలుసు.

మావ తన తోట మొత్తం పీకేశాడు. ఒక్కో మొక్కా చూసి పీకడం తన వల్ల కాదన్నాడు. పదకొండేళ్ళ మొక్కలు. కాల్చిన చోట మావ పెళ్ళాం సోములమ్మ అత్త కూర్చుంది, ఏడవలేదు, తిట్టలేదు. నన్ను చూసి “మీ సెల్లి సదువు అయిపోనాదా?” అంది. ఇంకా లేదత్తా అన్నాను. “మరింకా ఏటి కావాల?” అంది.

సుక్రు తోటలో సగం పోయింది. మన దాంట్లో తొమ్మిది వందల్లో రెండు వందలు మిగిలాయి, వాటిని నేను నమ్మడం లేదు. ఇటుకల పండగకి ఈసారి మనింటికి పిలుపు రాలేదు. అమ్మ తెలియనట్టు ఉంది. వదిన నీళ్ళకి దిగువ ఊటకి పోతోంది, ఎగువ ఊట దగ్గర ఎవరూ మాట్లాడరని.

నువ్వు విప్పిన నారలు గూట్లో పెట్టి వెళ్ళావు. అమ్మ కాల్చేసింది.

గాసి


బెంగళూరు,
12 ఆగస్టు 2002

అన్నా,

నాలుగు ఉత్తరాలకి జవాబు లేదు. అయినా ఇది రాయాలి.

నా థీసిస్ ఒప్పుకున్నారు. మీసం పని విఫలమైంది. గదిలో గీత లేచింది, తోటలో ఆ వాసన పెట్టిన డబ్బాలోకి పురుగులు రాలేదు. తొమ్మిది వందల మీసాలు కోశాను. వాటి గురించి థీసిస్‌లో పదహారు పేజీలున్నాయి, ఎవరూ చదవరు.

అందరూ అడిగింది నీ పటం గురించి. పన్నెండు మొక్కల దగ్గర మొదలై పురుగు ఏ నెలలో ఎన్ని అడుగులు వెళ్ళిందో అంత వివరంగా మరెవరూ రాయలేదట. దాన్ని ఒక పత్రికకి పంపాం. దాని వల్లే నాకు పత్తి పురుగు మీద ఉద్యోగం కూడా దొరికింది. నువ్వు తిట్టినా ఇది దాచలేను.

పత్రికలో నీ పేరు వెయ్యాలని ఉంది. సార్ ఒప్పుకున్నారు. సంతకం పెట్టాల్సిన కాగితం పంపుతున్నాను.

స్వర్ణ


జాకరగుడ,
15 సెప్టెంబరు 2002

స్వర్ణా,

నా పేరు వద్దు.

ఊరి పేరు కూడా తీసెయ్యి. కొత్త కాఫీ మొక్కలు ఇచ్చే జాబితాలో మన ఊరిని ఆపారు. పురుగు ఉన్న ఊరికి ఇస్తే వృథా అంటున్నారు. మావ, సుక్రు, మరో నలుగురు ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు. నీ పుస్తకం ఆ ఆఫీసుకి వెళ్తే, పురుగు ఇక్కడే పుట్టిందని అచ్చులో ఉంటుంది. మావ గట్టు కూడా పటంలో గీశాను నేను.

పేరు లేకుండా ఏదో కొండ అని రాసుకో.

కాగితం తిప్పి పంపుతున్నాను.

గాసి


బెంగళూరు,
4 నవంబరు 2002

అన్నా,

అచ్చయిపోయింది. నీ ఉత్తరం రాకముందే, నీ పేరు లేకుండా. ఊరి పేరు పదకొండు చోట్ల ఉంది. సార్‌ని అడిగాను, పత్రిక వాళ్ళకి కూడా రాశాను. చోటు పేరు లేకుండా పటానికి విలువ లేదన్నారు.

కాఫీ ఆఫీసుకి ఒక కాపీ సార్ పంపారు. అది నాకు తర్వాత తెలిసింది.

స్వర్ణ


చిక్కమగళూరు దగ్గర,
23 ఫిబ్రవరి 2003

స్వర్ణా,

మన ఊరికి మొక్కలు రావని తేలిపోయింది. సంక్రాంతి వెళ్ళాక కూలీల మేస్త్రీ లారీ తెచ్చాడు. మన వాళ్ళం తొమ్మిది మందిమి ఇక్కడ ఎస్టేటు పనికి వచ్చాం. నువ్వున్న చోటికి ఒక రోజు దారి అట. నన్ను చూడటానికి రావొద్దు. తొమ్మిది మందిలో నీ పేరు వినదలచుకున్నవాళ్ళు లేరు.

ఇక్కడ కూడా అదే పురుగు. ఎగిరే నెల రాకముందు పట్టిన మొక్కలన్నీ పీకెయ్యాలి. మొదటి రోజు నేను కాండం మీద చెయ్యి వేసి, ఆకు పసుపెక్కని మొక్కల్లో కూడా పట్టినవాటిని చెప్పాను. కోసి చూస్తే లోపల పురుగు ఉంది. ఎస్టేటు లెక్కలు రాసే రైటరు ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. మా తోటలో అన్నాను. ఏ ఊరు అంటే, అరకు వైపు అని ఊరుకున్నాను. అప్పటి నుంచి నన్ను గుర్తులు పెట్టే పనిలో పెట్టారు. బరువు లేదు. అందరికీ నా మీద ఇంకొంచెం కోపం.

మంగ్లు మావ నా వెనక వరసలోనే ఉంటాడు. నేను చూపించిన మొక్కని అతను పీకుతాడు. “ఇదేనా?” అంటాడు. అదే అంటాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మా మధ్య అంతకు మించి మాట లేదు. మొన్న ఒకసారి నేను చూపించకముందే ఒక మొక్క మీద చెయ్యి వేసి ఆగాడు. పట్టిన మొక్కే. అతనికీ తెలుస్తోంది ఇప్పుడు.

ఇక్కడికి ఉత్తరం రాయకు, నెలకో తోటకి మారుస్తారు. ఇంటికి రాసినా వదినకి చదవడం రాదు. మునుపు చదివిపెట్టేవాళ్ళు గుమ్మం ఎక్కడం మానేశారు. నేను వెళ్ళేదాకా నీ ఉత్తరం అంటించినట్టే ఉంటుంది.

గాసి